క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో నాకు తెలియని ఛార్జీల గురించి ఫిర్యాదు

బెంగళూరు,
2024 సెప్టెంబర్ 23

బ్రాంచ్ మేనేజర్ గారికి,
అనంతపురం శాఖ.

నకలు: ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్ (బ్యాంకులో ఫిర్యాదులు చూసే అధికారి) గారికి.

విషయం: నేను చేయని విదేశీ లావాదేవీలు, నేను అడగని ప్లాన్ ఛార్జీ, వాటి మీద వేసిన వడ్డీ వెనక్కి ఇవ్వడం గురించి.

అయ్యా,

నా క్రెడిట్ కార్డు మీ బ్రాంచ్ ద్వారా తీసుకున్నదే. ఉద్యోగం బెంగళూరుకు మారినా ఖాతా మార్చుకోలేదు. ఈ విషయమై మీ బ్రాంచ్‌కు ఫోన్ చేస్తే కార్డులతో తమకు సంబంధం లేదు, టోల్‌ఫ్రీకి చేయమన్నారు. టోల్‌ఫ్రీ వాళ్లేమో హోమ్ బ్రాంచ్‌ను అడగమన్నారు. ఇంగ్లీషులో పంపిన మెయిల్స్‌కు కంప్యూటర్ తయారుచేసిన జవాబులే వస్తున్నాయి. ఇదైనా ఒక మనిషి కూర్చుని చదువుతారన్న ఆశతో తెలుగులో రాస్తున్నాను.

ఆగస్టు 18న వచ్చిన స్టేట్‌మెంట్‌లో కొన్ని పద్దులు నాకు అంతుబట్టలేదు. అర్థం కాని ప్రతిదీ మోసమేనని నేను గోల పెట్టలేదు. నేను చేసేది అకౌంట్స్ పనే. దుకాణం బోర్డు మీది పేరు ఒకటి, స్టేట్‌మెంట్‌లో పడే పేరు ఇంకొకటి కావచ్చని తెలుసు. ఉదాహరణకు జూలై 28న ఏదో ట్రేడర్స్ పేరుతో 1,140 రూపాయలు ఉంది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. తేదీ చూస్తే ఆదివారం. మా ఆడపడుచు వాళ్లు వస్తే అందరం కుందలహళ్లి గేట్ దగ్గర ఆంధ్రా మెస్‌కు వెళ్లిన రోజది. కారు డ్యాష్‌బోర్డు అరలో పడి ఉన్న స్లిప్పు వెతికి తీశాను. అక్షరాలు సగం వెలిసిపోయాయి కానీ పైన మెస్ పేరు బదులు ఆ ట్రేడర్స్ పేరే ఉంది, మొత్తం కూడా సరిపోయింది. మెస్ ఆయన్ని అడిగితే స్వైప్ మిషన్ తన పాత కిరాణా వ్యాపారం పేరు మీద తీసుకున్నానని చెప్పాడు. ఆ పద్దు నాదే, డబ్బు కట్టేశాను.

మిగిలినవి అలా తేలలేదు.

ఆగస్టు 3న ఒక విదేశీ మర్చంట్ (అమ్మకందారు) పేరుతో 1 డాలర్ తీశారు, మన లెక్కలో 83 రూపాయల 90 పైసలు. మర్నాడు అదే పేరుతో 149 డాలర్ల చొప్పున రెండుసార్లు, ఒక్కొక్కటి 12,501 రూపాయల 10 పైసలు. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలు నాలుగు, ఒక నక్షత్రం గుర్తు, వెనక వరసగా అంకెలు. దాన్నిబట్టి అమ్మిందేమిటో, కొన్నదెవరో ఎవరూ చెప్పలేరు. వీటి కింద విదేశీ కరెన్సీ మార్కప్ (విదేశీ కరెన్సీ లావాదేవీకి బ్యాంకు వేసే అదనపు రుసుము) అని 878 రూపాయల 1 పైస, దాని మీద 18 శాతం జీఎస్టీ 158 రూపాయల 4 పైసలు మీరు కలిపారు. అంతా కలిపి 26,122 రూపాయల 15 పైసలు. దొంగ తీసుకెళ్లిన సొమ్ముకు మార్కప్, ఆ మార్కప్‌కు పన్ను!

ముందు ఒక డాలర్ తీసి కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడం, పనిచేస్తోందని తేలాక పెద్ద మొత్తం లాగడం కార్డు మోసాల్లో పాత పద్ధతే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విదేశీ వెబ్‌సైట్‌లో వాడని కార్డు మీద ఇది జరిగితే మీ నిఘా వ్యవస్థకు అనుమానం రాలేదు. పోనీ నాకు చెప్పారా అంటే అదీ లేదు. మెస్‌లో 1,140 రూపాయలకు కార్డు గీకితే బిల్లు చేతికి వచ్చేలోపే మెసేజ్ వచ్చింది. 12,501 రూపాయలకు మెసేజ్ లేదు, మెయిల్ లేదు, ఓటీపీ లేదు. స్టేట్‌మెంట్ చూసేదాకా నాకు ఏమీ తెలియదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. మీ యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరిస్తే దేశీయ, అంతర్జాతీయ వాడకానికి వేర్వేరు స్విచ్‌లు ఉన్నాయి. నా కార్డుకు అంతర్జాతీయ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, దాని పక్కన పరిమితి గడిలో సున్నా ఉంది. స్టేట్‌మెంట్ చూసిన వెంటనే, కార్డు బ్లాక్ చేయకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొత్త కార్డు మన దేశంలో ఏటీఎం, స్వైప్ మిషన్ల దగ్గర మాత్రమే పనిచేసేలా ఇవ్వాలి. విదేశీ వాడకం కావాలంటే ఖాతాదారు తనంతట తాను ఆన్ చేసుకోవాలి. నేను ఆన్ చేయలేదు. మరి ఆఫ్‌లో ఉన్న కార్డు మీద డాలర్ల లావాదేవీని ఆమోదించింది ఎవరు? ఆ ఆమోదం నా ఫోన్ నుంచి వెళ్లలేదు, అక్కడ మర్చంట్ చేతిలోనూ లేదు. మీ సర్వర్ 'సరే' అంటేనే ఆ డబ్బు కదులుతుంది.

ఈ ఒక్క ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. మీ మొదటి మెయిల్‌లో ఓటీపీ ధ్రువీకరణతోనే లావాదేవీ జరిగింది కాబట్టి బాధ్యత కస్టమర్‌దేనని రాశారు. ఏ నంబరుకు, ఎన్ని గంటలకు ఓటీపీ పంపారో చెప్పమంటే, ఈ మర్చంట్‌కు ఓటీపీ అవసరం లేదని రెండో మెయిల్ వచ్చింది. రెండింటిలో ఏది నిజమో మీరే తేల్చుకోండి. ఫోన్లో మాట్లాడిన అమ్మాయి అయితే, ఇది గేమ్‌ల కేటగిరీ మేడమ్, ఇంట్లో పిల్లలు ఆడి ఉంటారు అంది. ఆమె మీద నాకు కోపం లేదు, తెర మీద ఏముంటే అదే చదువుతుంది. మా ఇంట్లో ఆటల పిచ్చి ఉన్నది మా మామగారొక్కరికే. ఆయన ఆడేది పేకాట, అదీ కాగితం ముక్కలతో.

ఒకవేళ ఇది నెలనెలా కట్టే సభ్యత్వమని మీరు మాట మారిస్తే, దానికీ ముందే చెబుతున్నాను. 2021 అక్టోబర్ నుంచి అలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు మొదట ఓటీపీతో ఈ-మాండేట్, అంటే ఖాతాదారు ముందస్తు అనుమతి, నమోదు కావాలి. ఆ తర్వాత డబ్బు తీసే ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలి. నా యాప్‌లో మాండేట్ల పేజీ ఖాళీగా ఉంది. అలాంటి సమాచారం నాకు ఏదీ రాలేదు.

నేను ఆగస్టు 19న, అంటే స్టేట్‌మెంట్ చూసిన మర్నాడే, కార్డు బ్లాక్ చేయించి, ఈ లావాదేవీలు నావి కావని డిస్ప్యూట్ ఫారం ఇచ్చాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేశాను. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6 సర్క్యులర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. తప్పు బ్యాంకు వ్యవస్థలో ఉంటే ఖాతాదారు మీద ఒక్క రూపాయి కూడా భారం పడకూడదు. తప్పు మీదీ నాదీ కాకుండా మూడోవాళ్లదే అయినా, సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు అదే వర్తిస్తుంది. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని ఖాతాలో జమ చూపాలి, 90 రోజుల్లోపు తేల్చాలి. ఖాతాదారుదే తప్పని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. నా విషయంలో తాత్కాలిక జమ కూడా పడలేదు. ఫిర్యాదు మాత్రం మీ యాప్‌లో ఆకుపచ్చ రంగులో 'పరిష్కరించబడింది' అని చూపిస్తోంది. మళ్లీ తెరిపిస్తే మళ్లీ మూసేస్తున్నారు.

ఆలస్యం వల్ల మీకు పోయేదేమీ లేదు, నాకు మాత్రం ఉంది. అవతలి బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి రప్పించే ఛార్జ్‌బ్యాక్‌కు కార్డు నెట్‌వర్క్‌లు సాధారణంగా పెట్టే గడువు 120 రోజులు. ఇప్పటికే అందులో దాదాపు 50 రోజులు గడిచాయి. రేపు గడువు దాటిపోయింది, మేమేం చేయలేం అని మీరంటే అది చెల్లదు.

ఇక ఈ మోసంతో సంబంధం లేని ఇంకో పద్దు. కార్డు రక్షణ ప్లాన్ అని 1,499 రూపాయలు, జీఎస్టీ 269 రూపాయల 82 పైసలు. ఇది బయటివాళ్ల పని కాదు, మీరే వేసింది. జూలైలో మీ తరఫున ఒకతను ఫోన్ చేసి ఈ ప్లాన్ గురించి చెబితే వద్దని స్పష్టంగా చెప్పాను. కాల్ రికార్డ్ అవుతోందని మొదట్లో అతనే చెప్పాడు. ఆ రికార్డింగ్ తీసి వినండి, నేను 'సరే' అన్న చోటు ఎక్కడుందో నాకూ వినిపించండి. పైగా ఆ రక్షణ నా మీద రుద్దిన తర్వాతే ఈ డాలర్లు పోయాయి.

బిల్లు కట్టాల్సిన గడువు తేదీ సెప్టెంబర్ 7. వినాయక చవితి హడావుడిలో మర్చిపోతానేమోనని ముందు రోజే, వివాదంలో ఉన్న 27,890 రూపాయల 97 పైసలు మినహాయించి మిగతాదంతా కట్టేశాను. ఆ మాట మెయిల్‌లో కూడా రాశాను. అయినా సెప్టెంబర్ స్టేట్‌మెంట్‌లో 1,986 రూపాయల 40 పైసల వడ్డీ, దాని మీద 357 రూపాయల 55 పైసల జీఎస్టీ వేశారు. మొత్తం కట్టలేదన్న సాకుతో మెస్‌లో తిన్న భోజనానికి కూడా కొన్న రోజు నుంచి వడ్డీ లెక్కగట్టారు. మోసమని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద అది తేలేవరకు ఎలాంటి ఛార్జీలూ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 కార్డుల ఆదేశాల్లో ఉంది. వసూలు ఏజెంటు ఫోన్లు కూడా మొదలయ్యాయి. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ మోగితే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. ఇంటి అప్పు కోసం దరఖాస్తు పెట్టుకునే ఆలోచనలో ఉన్నాం, ఈ లోపు సిబిల్‌లో (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ రికార్డుల్లో) బకాయి అని ఎక్కితే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఆ మూడు విదేశీ లావాదేవీలు, వాటి మార్కప్, పన్ను, రక్షణ ప్లాన్ సొమ్ము, వడ్డీ, దాని జీఎస్టీ కలిపి 30,234 రూపాయల 92 పైసలు నా కార్డు ఖాతాలో రద్దు చేయాలి. ఇవ్వనంటే ఊరికే అనకుండా రుజువు పంపాలి. ప్రతి లావాదేవీకి 23 అంకెల ఏఆర్ఎన్ (లావాదేవీ జాడ తీసే నంబరు), మర్చంట్ ఏ వ్యాపారం చేస్తాడో చెప్పే కేటగిరీ కోడ్, అది ఓటీపీతో జరిగిందా లేదా అన్న రికార్డు, నా అంతర్జాతీయ స్విచ్‌ను ఎవరు ఎప్పుడు ఆన్ చేశారో చూపే లాగ్ నాకు కావాలి. ఛార్జ్‌బ్యాక్ ఏ తేదీన వేశారో, అసలు వేశారో లేదో కూడా రాతపూర్వకంగా చెప్పండి. వసూలు ఫోన్లు ఇవాళే ఆపించండి. సిబిల్‌కు ఏమైనా పంపి ఉంటే సరిచేయించండి. కొత్త కార్డు వచ్చింది కానీ, పాత కార్డు వివరాలతో ఆ మర్చంట్ మళ్లీ డబ్బు తీయకుండా అడ్డుకట్ట వేశామని మీరు రాసిచ్చేదాకా దాన్ని వాడను.

ఫిర్యాదు చేసి 30 రోజులు దాటాయి కనుక రిజర్వ్ బ్యాంక్ 2021 సమీకృత అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) పథకం కింద వెళ్లే హక్కు నాకు ఇప్పటికే ఉంది. పోర్టల్‌లో నింపాల్సిన వివరాలు సిద్ధంగా ఉన్నాయి. అక్టోబర్ 1 సాయంత్రంలోగా పై వాటికి సంతకంతో కూడిన జవాబు రాకపోతే మర్నాడే పంపిస్తాను. గాంధీ జయంతి సెలవు, నాకూ తీరిక ఉంటుంది.

రెండు నెలల స్టేట్‌మెంట్లు, యాప్ స్క్రీన్‌షాట్లు, మెస్ స్లిప్పు, మీ రెండు మెయిళ్లు, డిస్ప్యూట్ ఫారం, సైబర్ క్రైమ్ రసీదు జతచేశాను. స్లిప్పు ఇంకా వెలిసిపోతుందని జిరాక్స్ మాత్రమే పెట్టాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
మారతహళ్లి, బెంగళూరు.