జర్మన్ వ్యాపార లేఖలకు నిఘంటువు అర్థాలు చాలవు

సంపాదకుల వారికి,

అయ్యా,

చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారయ్యే తోతాపురి మామిడి గుజ్జు గల్ఫ్‌తో పాటు ఐరోపా దేశాలకూ వెళుతోంది. కొనుగోలుదారులు చాలావరకు ఇంగ్లిషులోనే రాసినా, జర్మనీ నుంచి వచ్చే ఆర్డరు షరతులు, యంత్రాల విడిభాగాల బిల్లులు అప్పుడప్పుడు జర్మన్‌లోనే ఉంటాయి. వాటిని కంప్యూటర్ చేతనో, కొద్దిగా జర్మన్ నేర్చిన కుర్రవాళ్ల చేతనో ఇంగ్లిషులోకి మార్పించి, ఆ ఇంగ్లిషును నమ్మి లక్షల రూపాయల నిర్ణయాలు తీసుకోవడం ప్రమాదకరమని ఈ రంగంలో పనిచేస్తున్న వాడిగా మనవి చేస్తున్నాను.

జర్మన్ 'ఎవెంటుయెల్' చూపులకు ఇంగ్లిషు 'ఇవెంచువల్లీ'కి కవల సోదరుడిలా ఉంటుంది గానీ, దాని అర్థం 'బహుశా' అని మాత్రమే. "మరో 20 టన్నులు ఎవెంటుయెల్ తీసుకుంటాం" అని కొనుగోలుదారు రాస్తే, అది ఆలోచనే తప్ప మాట ఇచ్చినట్లు కాదు. ఇంగ్లిషులో 'మే పాసిబ్లీ' అని రాయాలి. 'ఇవెంచువల్లీ' అని రాసిన కాగితం చదివిన యజమాని, ఎప్పటికైనా తీసుకుంటారనే ధీమాతో, కాయ దండిగా వచ్చే జూన్, జూలైలలోనే అదనంగా కొని, గుజ్జు తీయించి, డ్రమ్ముల్లో నిల్వ పెట్టుకుంటాడు. సీజను దాటాక ఆ సరుకును ఎవరికి అమ్మాలి?

బిల్లుల్లో కనిపించే 'స్కోంటో'ను వట్టి 'డిస్కౌంట్' అనడమూ పొరపాటే. 10 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం స్కోంటో, లేకుంటే 30 రోజుల్లో పూర్తి మొత్తం అని ఉంటే, ఆ తగ్గింపు త్వరగా చెల్లించినవారికే దక్కుతుంది. 'మానుంగ్' అనే మాటకు నిఘంటువులో 'హెచ్చరిక' అనే అర్థం కనిపించినా, బాకీ విషయంలో వచ్చినప్పుడు ఇంగ్లిషులో 'పేమెంట్ రిమైండర్' అనాలి. అంకెల్లో చుక్క, కామా తారుమారవుతాయి కనుక 1.500 అంటే పదిహేను వందలు, 14,5 బ్రిక్స్ (గుజ్జులోని తీపి కొలత) అంటే పద్నాలుగున్నర. జర్మన్ 'బిలియోన్' లక్ష కోట్లు. ఇంగ్లిషు బిలియన్‌కు వారి మాట 'మిలియార్డె'.

సంతకం ముందుండే 'పీపీఏ' అక్షరాలను ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిషు 'పీపీ' అయితే పై అధికారి తరఫున గుమాస్తా కూడా పెట్టవచ్చు. జర్మన్ 'పీపీఏ' మాత్రం 'ప్రొకూరా', అంటే కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవారిది. ఆ అధికారం అక్కడి వాణిజ్య రిజిస్టరులో నమోదై ఉంటుంది, వారి సంతకానికి కంపెనీ కట్టుబడాలి.

మర్యాద వాక్యాలదీ ఇదే సమస్య. 'హీర్‌మిట్ టైలెన్ వియర్ ఈనెన్ మిట్' అన్నది మన కార్యాలయాల 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా' వంటిదే. దానిని 'వియ్ హియర్‌బై ఇన్ఫార్మ్ యు' అని దించితే మామూలు ఉత్తరం కాస్తా కోర్టు నోటీసులా ధ్వనిస్తుంది. ఇంగ్లిషులో ఆ ముక్క వదిలేసి నేరుగా విషయం చెప్పడమే సహజం.

తిరుపతిలో జర్మన్ నేర్పే శిక్షణ కేంద్రాలు విదేశీ చదువులకు, ఉద్యోగాలకు కావలసిన పరీక్షలతో పాటు, బీ1 (మధ్యస్థ) స్థాయి దాటినవారికైనా అసలు బిల్లులు, ఆర్డరు పత్రాలు ముందు పెట్టి కొన్ని వారాలు సాధన చేయించాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇటువంటి స్వల్పకాలిక కోర్సును పరిశీలించాలని కోరుతున్నాను. అంతవరకు ఎగుమతిదారులు అనువాదంతో పాటు జర్మన్ ప్రతిని కూడా ఫైలులో ఉంచి, పరిమాణం, గడువు, చెల్లింపు ఉన్న వాక్యాలను కొనుగోలుదారుకే తిరిగి రాసి ఖరారు చేసుకోవడం మంచిది.

ఇట్లు,
మామిడి గుజ్జు ఎగుమతి విభాగ ఉద్యోగి,
చిత్తూరు