ముఖం చాటేసినవాడి ఉత్తరం

ఒరేయ్,

నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు పెరటి మామిడిచెట్టు గురించీ మనవరాలి అల్లరి గురించీ రాసి, చివర్లో ఒక్క ప్రశ్న అడిగావు: "మీ బావమరిదికి కాదని చెప్పడం, నా ఫోను ఎత్తకపోవడం, రెండూ నీ లెక్కలో ఒకటేనా?" చల్లగా మాట్లాడుతూ చురక పెట్టడం నీకు బడి రోజుల నుంచీ అలవాటే.

ఒకటి కాదురా. మొన్నటి దాకా రెండింటికీ ఒకే పేరు పెట్టుకుని తిరిగాను. ఆ పేరు మా అమ్మాయి చదివే సైకాలజీ పుస్తకాల్లోది, 'బౌండరీ'. అంటే ఎదుటివాళ్ళకి 'ఇంతవరకే' అని మనం గీసే గీత. ఎంత సుఖమైన మాటో! ముఖం చాటేసిన ప్రతివాడికీ గొడుగులా పనికొస్తుంది.

బావమరిది సంగతి నీకు సగమే తెలుసు. ఒక ఆదివారం ఎనిమిది లక్షల అప్పు కాగితాలు పట్టుకొచ్చి, హామీ సంతకం పెట్టమన్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చేసినవాణ్ణి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ నాకు కంఠతా వచ్చు. విడిగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడు ఎంతకు బాధ్యుడో హామీదారూ అంతకే బాధ్యుడు. "సంతకం పెట్టను. యాభై వేలు కావాలంటే ఇస్తాను, తిరిగి అడగను" అన్నాను. మాడిన ముఖంతోనే రెండు పెసరట్లు తిన్నాడు. బస్టాండు దాకా నేనే దింపాను. మా అత్తగారు ఆరు నెలలు ముభావంగా ఉన్నారు, అయినా సంక్రాంతికి వెళ్ళాం. మొహమాటపడి సరేనని ఉంటే, ఈపాటికి వాడిని చూస్తేనే ఒళ్ళు మండేది.

ఇక నీ సంగతి. మీ నాన్నగారి పెద్దకర్మ నాడు విస్తరి ముందు నా పక్కనే కూర్చుని, "రాత్రిళ్ళు ఆయన దగ్గు వినిపిస్తోందిరా" అన్నావు. నేనేమన్నానో గుర్తుందా? "మజ్జిగ పోయించనా?" అన్నాను. నువ్వు తలూపావు. వడ్డించే కుర్రాణ్ణి పిలిచి మరీ పోయించాను.

ఆ తరవాత నాలుగు నెలలు. బల్ల మీద ఫోను బోర్లా పెట్టేవాణ్ణి. అది వణుకుతూ స్టీలు గ్లాసు దాకా జరిగి, గ్లాసును కూడా మోగించేది. నేను తులసికోటకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయేవాణ్ణి. ఎన్నిసార్లు పోశానో, పాపం ఆ మొక్క కుళ్ళిపోయింది. "వాడికి కాస్త తీరిక ఇద్దామని" అన్నాను మా ఆవిడతో. "తీరిక ఆయనకా, మీకా?" అని తన పనిలో తాను పడిపోయింది.

మా అమ్మాయి ఒక ప్రయోగం గురించి చెప్పింది. మేరీ ఐన్స్‌వర్త్ అనే ఆవిడ అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది పిల్లల మీద చేసింది. తల్లి కొద్ది నిమిషాలు గదిలోంచి వెళ్ళి వస్తుంది. కొందరు పిల్లలు పెద్దగా ఏడవరు, తల్లి తిరిగొచ్చినా ముఖం తిప్పుకుని బొమ్మలతోనే ఆడుకుంటారు. మన ఇళ్ళలో అయితే "ఎంత బుద్ధిమంతుడో" అని దిష్టి తీస్తారు. 1977లో స్రూఫ్, వాటర్స్ అనే ఇద్దరు అలాంటి పిల్లల గుండె వేగం గురించి రాశారు. ముఖం నిమ్మళంగా ఉన్నా, లోపల గుండె మాత్రం గబగబా కొట్టుకుంటోందట.

ఏడాది పిల్లల లెక్క ఈ బొజ్జ వేసుకున్న మనిషికి ఎంత సరిపోతుందో గానీ, ఆ మాట వినగానే మా నాన్న చెప్పులు గుర్తొచ్చాయి. ఆయన పోయినప్పుడు నాకు పదిహేనేళ్ళు. వారం తిరగకుండా గుమ్మం పక్క చెప్పులు ఎవరో తీసేశారు. ఎవరు తీశారని నేను అడగలేదు, నన్నూ ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఏడవలేదని నాయనమ్మ ఊరంతా మెచ్చుకుంటూ తిరిగింది.

అమెరికాలోనే జాన్ గాట్‌మన్ అనే ఆయన భార్యాభర్తలు వాదులాడుకుంటుంటే వాళ్ళ నాడి కొలిచాడు. నిమిషానికి 100 దాటాక ఎదుటివాళ్ళ మాట తలకెక్కదని, కనీసం 20 నిమిషాలు పక్కకు వెళ్ళి రమ్మని చెప్తాడు. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాలి, అదీ షరతు. నేనేమో చెప్పకుండా, గడువు లేకుండా నాలుగు నెలలు వాడుకున్నాను. బ్యాంకు మనిషిని, సిగ్గుచేటు.

నువ్వు మీ అన్నయ్యతో "సంవత్సరీకం దాకా ఇంటి పంపకాల మాట ఎత్తవద్దు" అన్నావు చూడు, దాన్ని ఏమన్నా అను, పారిపోవడం మాత్రం కాదు. ఆ సాయంత్రమే ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని పాత ఫొటోలు చూశారు.

ఆదివారం సాయంత్రం ఏడింటికి ఫోను చేస్తాను. మాట్లాడాలని లేకపోతే "ఈవేళ వద్దు" అను చాలు, బుధవారం మళ్ళీ చేస్తాను. ఆ దగ్గు ఇంకా వినిపిస్తోందా? మజ్జిగ మాట ఎత్తనులే.

నీ
పిరికివాడు