డప్పు కాచనివ్వలేదు, గొర్రు ముట్టుకోనివ్వలేదు

కార్యక్రమ నిర్వాహకులకు,
వినియోగదారుల విభాగం, బెంగళూరు.

విషయం: వేసవి జానపద సంగీత, సంప్రదాయ సేద్య దినం – టిక్కెట్ల సొమ్ములో సగం తిరిగి ఇప్పించడం గురించి.

అయ్యా,

గత ఆదివారం నగర శివారులోని ఆరుబయలు మ్యూజియంలో మీ సంస్థ జరిపిన కార్యక్రమానికి నేను, నా భార్య, మా అమ్మ, మా పాప వచ్చాం. తలకు 899 రూపాయల చొప్పున 3,596 చెల్లించాం. మీ ప్రకటన తెలుగులో కూడా వచ్చింది కాబట్టి ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను. చదివి చెప్పేవారు మీ కార్యాలయంలో ఉండే ఉంటారు.

ఎండ గురించి, మరుగుదొడ్ల ముందు వరుస గురించి మిమ్మల్ని ఏమీ అనను. ఉచితమని ప్రకటించిన మజ్జిగకు గ్లాసుకు 60 రూపాయలు తీసుకోవడం కూడా చిన్న సంగతే. అయినా ఆ 240 రూపాయలను నేను మరచిపోలేదు. నా అసలు బాధ ఏమిటంటే, పని తెలిసినవాళ్లను అంత దూరం నుంచి పిలిపించి, ఆ పని వాళ్లను చేయనివ్వలేదు.

మాది కదిరి దగ్గర పల్లె. అన్నీ వేరుశనగ చేలు. తొలకరి పడగానే నాన్న విత్తనాలు వేసే గొర్రు కట్టేవాడు, వెనకాల అమ్మ నడుస్తూ జడ్డిగంలో గింజలు పోసేది. జడ్డిగం అంటే గొర్రు మీద ఉండే కొయ్య గిన్నె. అందులో పడిన గింజలు వెదురు గొట్టాల గుండా సాళ్లలోకి జారతాయి. ఎద్దుల నడకకు సరిపోయేలా గుప్పిట సడలిస్తూ పోవాలి. చెయ్యి తడబడితే సాలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట ఖాళీగా మొలుస్తుంది. మీ ప్రదర్శనలో ఆ జడ్డిగంలో బంతిపూలు పెట్టారు. కింద చీటీ మీద ‘నీళ్లు తోడే పరికరం’ అని రాశారు. అమ్మ నవ్వి, ఇది ఎలా పట్టుకోవాలో పిల్లలకు చూపిస్తానంది. అక్కడున్న మీ కుర్రవాడు ‘ముట్టుకోకూడదండీ, ప్రదర్శన వస్తువు’ అన్నాడు. అతడి తప్పు లేదు, అతడికి మీరు చెప్పింది అంతే. అమ్మ ఆ తరువాత సాయంత్రం దాకా చెట్టు కిందనే కూర్చుంది.

నాట్ల సంగతి మరీ విచిత్రం. టార్పాలిన్ పరిచిన గుంటలో బురద పోసి పిల్లలచేత నాట్లు వేయించారు. ఒక జట్టు నాటి గట్టెక్కగానే ఆ మొక్కలన్నీ పీకి, కడిగి, తరువాతి జట్టు చేతికి ఇచ్చారు. మూడో జట్టులో మా పాప వంతు వచ్చేసరికి నారుకు వేళ్లే లేవు. అది వరి నారని కూడా నేను ఒట్టు వేయలేను.

ఇక ఎద్దులు. చక్కని హళ్లికార్ జాతి జత. వేసవి దుక్కి అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు కాడి దించేస్తారు. మీరు మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకు, ఫొటోల కోసం, వాటిచేత ఒకే సాలును పదేపదే దున్నించారు. బరువు లాగే పశువుల విషయంలో 1965 నాటి నిబంధనలు ఉన్నాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య వాటిని పనిలో పెట్టకూడదు. ఆ సమయానికి నా ఫోను 36 చూపించింది. ఒక్క డిగ్రీ మిమ్మల్ని గట్టెక్కించింది. ఎద్దులకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

బుర్రకథకు పన్నెండు నిమిషాలు ఇచ్చారు. నడుమ కథకుడు తంబుర మీటుతూ కథ చెబుతుంటే, పక్కన గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్లలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందుకుంటారు. మీరు పెట్టింది ఒకే మైకు, అదీ కథకుడి ముందు. జనానికి కథ వినిపించింది కానీ అందులోని నవ్వు వినిపించలేదు.

నాలుగున్నరకు వాన పడింది. మే నెలలో బెంగళూరు వాన ఎవరికీ కొత్త కాదు. తేమకు డప్పుల చర్మం సడలింది. నాలుగు గడ్డిపరకలు వెలిగించి కాచుకుంటే తప్ప అవి మోగవు. కళాకారులు అగ్గిపెట్టె అడిగితే ‘ఆవరణలో నిప్పు నిషేధం’ అన్నారు మీవాళ్లు. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో మీ తిండి దుకాణంలో కబాబుల పొయ్యి భగభగ మండుతూనే ఉంది. డప్పులు అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పుడు చేస్తుంటే, వారిని వేదిక దింపి సినిమా పాటల రికార్డు పెట్టారు. ఆ పాటలు మా అపార్టుమెంటులో ప్రతి శనివారం ఉచితంగానే వినిపిస్తాయి.

చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996 నుంచి దక్షిణచిత్ర ఉంది. పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన చోటు. రెండేళ్ల కిందట మా పాప అక్కడ కుమ్మరి పక్కన కూర్చుని, ఒళ్లంతా మట్టి పూసుకుని వంకర ప్రమిద ఒకటి చేసుకుంది. అది ఇప్పటికీ మా ఇంటి కిటికీలో ఉంది. మీ దగ్గరి నుంచి చేతికి కట్టిన కాగితం పట్టీ తెచ్చుకున్నాం.

టిక్కెట్ల సొమ్ములో సగం 1,798 రూపాయలు, మజ్జిగ డబ్బు 240, మొత్తం 2,038 రూపాయలు తిరిగి ఇవ్వండి. మధ్యలో దింపేసిన డప్పు బృందానికి ఒప్పుకున్న మొత్తంలో కోత పెట్టలేదని రాతపూర్వకంగా తెలపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే ఫిర్యాదు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. టిక్కెట్లు, మీ ప్రకటన, గొర్రు చీటీ ఫొటో జతచేస్తున్నాను.

ఆ చీటీ మాత్రం పదిహేను రోజులు ఆగకుండా మార్చండి. ఏమి రాయాలో మా అమ్మ చెబుతుంది, ఫోను చేస్తే చాలు.

ఇట్లు,
నాలుగు టిక్కెట్లు కొన్న మారతహళ్లి నివాసి