ఈత, ఖోఖో ఉండగా అబ్‌స్టకిల్ కోర్సు ఎందుకు?

పేరెంట్స్ అందరికీ నమస్కారం. "మావాడు ఈతకి వెళ్తున్నాడు కదా, మళ్లీ ఇదెందుకండీ?" అని అబ్‌స్టకిల్ కోర్సు, అంటే వరసగా పెట్టిన అడ్డంకులు దాటుకుంటూ వెళ్లే ఆట గురించి చాలామంది అడుగుతున్నారు.

ఈత గుండెకి, ఊపిరితిత్తులకి మంచిదే. కానీ ఒంటి బరువు నీళ్లు మోస్తాయి కాబట్టి ఎముకలకి పని తక్కువ. క్రికెట్ అంటారా, పిల్లల మ్యాచ్‌లో సగంసేపు నిలబడటమే! ఖోఖోలో పరుగూ మలుపూ బ్రహ్మాండం, చేతులకి మాత్రం పెద్దగా పనుండదు. వేలాడటం, పాకడం, ఎక్కడం, దూకడం అన్నీ కలిసొచ్చేది అబ్‌స్టకిల్ కోర్సులోనే. 2028 ఒలింపిక్స్‌లో ఐదు ఆటలు కలిసిన పోటీ అయిన మోడర్న్ పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ బదులు పెట్టిందీ దీన్నే. జట్టుగా ఆడటం మాత్రం ఇందులో రాదు, అందుకే వారానికో రోజు కబడ్డీ ఉంచండి.

మొదటి రెండు వారాలు రాడ్‌కి 10 సెకన్లు వేలాడటం, 3 సార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. దూకడం అడుగు ఎత్తు నుంచే. ముందు మునివేళ్లు ఆనాలి, మోకాళ్లు వంగాలి. "ధబ్"మని చప్పుడొస్తే కాళ్లు బిగబట్టి దూకినట్టే, అక్కడే మోకాలు నొప్పి మొదలవుతుంది.

చేతులకి కొబ్బరినూనె, లోషన్ రాసి పంపకండి, పట్టు జారుతుంది. చిన్న తువ్వాలు ఇవ్వండి. వాన పడి రాడ్లు తడిస్తే ఆ రోజు వేలాడటం ఉండదు, నేల మీద పాకడమే.