మృగశిర దాకా లేత ఎల్మ్ మొక్కలు ఇవ్వలేం

నమస్కారమండీ. ఎల్మ్ చెట్టు బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్టు) కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకీ, ఈ వేసవి సెలవుల్లో తీసుకుందామని ఆగినవాళ్ళకీ ఈ కబురు. మృగశిర కార్తె వచ్చి, నాలుగు వానలు పడి, గుంటూరు గాలి కాస్త చల్లబడేదాకా మా నర్సరీలో చైనీస్ ఎల్మ్ లేత మొక్కలు అమ్మడం లేదు. అడ్వాన్స్ వెనక్కి కావాలంటే ఎప్పుడైనా వచ్చి తీసుకోండి. ఉంచుతామంటే ఇప్పటి రేటుకే మొక్క ఇస్తాం.

కారణం దాచిపెట్టడం లేదు. కొత్తగా తెప్పించిన లాటులో ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే నలుసంత చీడ, కనబడింది. పైనుంచి చూస్తే మొక్కలు బాగానే ఉన్నాయి. ఆకు వెలుతురుకు పెట్టి చూస్తేనే సూది మొనంత లేత పసుపు చుక్కలు కనిపిస్తాయి. ఆకు తిప్పి భూతద్దం పెడితే ఈనె పక్కన కదిలే ఎర్రటి నలుసులు, గుండ్రటి గుడ్లు, రెమ్మ చివర కంటికి ఆనీ ఆననంత సన్నని సాలెగూడు లాంటి బూజు. ఆ బల్ల మొత్తాన్ని పక్కకు జరిపి నీళ్ళతో కడుగుతున్నాం, మొక్కలు కోలుకుంటున్నాయి కూడా. కానీ ఇప్పుడు అమ్మితే అవి వెళ్ళేది ఎక్కడికో మాకు తెలుసు. పడమటి గాలి కొట్టే మేడ మీదికో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి నేరుగా తగిలే బాల్కనీకో వెళ్తాయి. వేడీ పొడిగాలీ దొరికితే నల్లి వారం రోజుల్లోనే గుడ్డు నుంచి గుడ్లు పెట్టే దశకు వచ్చేస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో లేత ఎల్మ్ ఆ వేడినీ నల్లినీ ఒకేసారి తట్టుకోలేదు.

అసలు భయం నల్లి గురించి కాదండీ, మందు గురించి. మనది మిరప ఊరు. సగం మందికి పొలంతోనో, పొలం ఉన్న చుట్టాలతోనో సంబంధం ఉంటుంది. మిరప ఆకు పైకి ముడుచుకునే పై ముడత అంటే తామర పురుగు, కిందికి ముడుచుకునే కింది ముడత అంటే తెల్లనల్లి అని చదువుకోని పెద్దవాళ్ళు కూడా టక్కున చెప్తారు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలను ఊడ్చేసిన తర్వాత పురుగు మందు కొట్టడానికి ఎవరూ వెనకాడడం లేదు. ఆ అలవాటే కుండీ మొక్కకూ వస్తోంది. ఆకు మీద చుక్క కనబడగానే పొలంలో మిగిలిన సీసా తెచ్చి మూతతో కొలిచి కొట్టేస్తున్నారు.

ఎల్మ్‌కు అది సరిపడదు. డైమిథోయేట్, అంటే మన రైతులు రోగర్ అని అడిగే మందు, చైనీస్ ఎల్మ్ మీద పడితే ఆకులన్నీ రాల్చేస్తుంది. మలాథియాన్ అయినా అంతే. ముదురు చెట్టయితే మళ్ళీ చిగురేస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. వేళ్ళు ఇంకా చిన్న ట్రేలో సర్దుకుంటున్న లేత మొక్కకు ఉన్న బలమంతా ఆ కాసిని ఆకులే. ఇమిడాక్లోప్రిడ్ అనే ఇంకో పురుగు మందు సంగతి ఇంకోరకం. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఎల్మ్ చెట్లకు వేరే పురుగు కోసం ఆ మందు వాడితే, వాటి మీద నల్లి విపరీతంగా పెరిగిపోయిందని పరిశోధకులు 2011లో ప్రచురించారు. నల్లి పురుగు జాతి కాదు, సాలీడు బంధువు. చాలా పురుగు మందులు దాన్ని చంపవు, దాన్ని తినేవాటిని మాత్రం చంపుతాయి. అందుకే మేం మొక్కతో పాటు మందు సీసా అమ్మం. అడిగినా అమ్మం.

ఇప్పటికే మీ ఇంట్లో ఎల్మ్ ఉంటే తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టుకుని రెండుసార్లు తట్టండి. రాలిన నలుసులు కదులుతుంటే, వేలితో రాస్తే ఎర్రగా గీత పడితే, నల్లి ఉన్నట్టే. కుండీ మట్టి కొట్టుకుపోకుండా మొదలు చుట్టూ పాలిథిన్ కవర్ కట్టి, కుండీ పక్కకు వంచి, పైపు నోటికి బొటనవేలు అడ్డం పెట్టి ఆకుల అడుగు భాగాన్ని కడగండి. పొద్దున్నే చేయాలి. రెండు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు మానకుండా చేయాలి, ఎందుకంటే ఈ రోజు కడిగితే పోని గుడ్లు నాలుగైదు రోజుల్లో పగులుతాయి. ఓపిక కావాలి. ఇంతకు మించి మంచి వైద్యం వేసవిలో నాకు తెలియదు.

వేపనూనె వాడొచ్చా అని అందరూ అడుగుతారు. వాడొచ్చు, కానీ మే నెలలో వద్దు. నలభై డిగ్రీల ఎండలో నూనె ఆకును మాడుస్తుంది, గంధకం కూడా అంతే. చల్లబడ్డాక లీటరు నీటికి 5 మి.లీ. నూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి, పొద్దు వాలాక ముందు ఒక్క కొమ్మ మీదే కొట్టి రెండు రోజులు చూడండి.

వానలు మొదలయ్యాక కథ మారుతుంది. కొత్త చిగుళ్ళకు పేనుబంక, కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టిన సందుల్లో పిండినల్లి (తెల్ల పిండి పట్టినట్టుండే పురుగు) వస్తాయి. వీటి వెనక చీమలుంటాయి. ఆ పురుగులు కార్చే తీపి బంక కోసం చీమలే వాటిని కాపాడతాయి. పంచదార డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే, పళ్ళెంలో ఇటుక ముక్క పెట్టి దాని మీద కుండీ ఉంచితే చీమల దారి తెగుతుంది. కుండీ అడుగు నీళ్ళకు తగలకూడదు, కొమ్మలు గోడను ఆనుకోకూడదు. పిండినల్లిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఒక్కొక్కటే తుడవాలి. ఇక్కడో జాగ్రత్త. ఒంటినిండా తెల్ల పోగులతో అచ్చం పిండినల్లిలా ఉండి, చురుగ్గా నడిచే పురుగు కనబడితే దాన్ని ముట్టుకోకండి. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల. చాలామంది దాన్నే ముందు నలిపేస్తున్నారు. నత్తలనైతే రాత్రి టార్చి వేసి ఏరేయండి. కుండీలో ఉప్పు మాత్రం చల్లకండి.

విదేశీ వీడియోలు చూసి డచ్ ఎల్మ్ తెగులు గురించి టెన్షన్ పడుతున్నవాళ్ళు కూడా ఉన్నారు. బ్రిటన్‌లో కోట్ల చెట్లను చంపిన తెగులు అది, నిజమే. చైనీస్ ఎల్మ్‌కు దాన్ని తట్టుకునే శక్తి బాగా ఉంది.

ఇక ధర సంగతి. ఇకనుంచి బయటినుంచి వచ్చే ప్రతి ఎల్మ్‌నూ మూడు వారాలు విడిగా ఉంచి, కాగితం పరీక్ష చేశాకే అమ్మే బల్ల మీద పెడతాం. అందుకు చోటూ మనిషీ కావాలి కాబట్టి, అడ్వాన్స్ ఇవ్వని వాళ్ళకు మృగశిర తర్వాత రేటు కొంచెం పెరుగుతుంది. ఈ రెండు నెలలు ఎల్మ్ అమ్మకాలు లేకపోవడం మా బోటి చిన్న షాపుకు భారమే. అయినా ఆగుదామనే నిర్ణయించుకున్నాం. మర్రి, రావి, జువ్వి, అడీనియం బోన్సాయ్‌లు మామూలుగానే దొరుకుతాయి, ఎండకు అవి గట్టివి కూడా.

ఎక్కడ కొన్న ఎల్మ్ అయినా సరే, అనుమానం ఉంటే ఆదివారం ఉదయం తీసుకురండి, ఉచితంగా చూసిపెడతాం. మొక్కను పెద్ద పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టి తెచ్చి గేటు దగ్గరే ఆగండి, మేమే బయటికి వచ్చి చూస్తాం.