స్టేషన్ కెమెరాల కమిటీలో మన ఓటుకీ ఒక కుర్చీ ఉంది

సంపాదకులు గారికి,

పోలీసులు మారాలంటే రోడ్డెక్కాలా, ఓటుతో సరిపెట్టుకోవాలా అన్న వాదన మా కోనసీమలో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ వినపడుతుంది. రోడ్డెక్కితే చట్టం వస్తుంది. 2012 డిసెంబరులో నిర్భయ ఘటన మీద ఢిల్లీలో జనం కదలబట్టే జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. లైంగిక నేరాలపై ఎఫ్ఐఆర్ కట్టని అధికారికి జైలుశిక్ష వేసే సెక్షన్ 2013లో అలా పుట్టిందే. అయితే 2019లో దిశ హత్య తరవాత అదే జనాగ్రహం నిందితుల ఎన్‌కౌంటర్‌కి పూలు చల్లింది. అది కావాలని చేసిన కాల్పులని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది.

ఓటు సంగతి మన దగ్గరే చూడొచ్చు. వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం 1996 డిసెంబరు 29న జరిగింది. విశాఖ కోర్టు శిక్ష వేసింది 2024 ఏప్రిల్ 16న. మధ్యలో 5 అసెంబ్లీ ఎన్నికలు అయిపోయాయి. స్టేషన్ అధికారిని కనీసం 2 ఏళ్ళు కదపకూడదని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. కానీ మనమే స్టేషన్‌కి ఫోన్ చేసిపెట్టే ఎమ్మెల్యే కావాలనుకుంటాం. ఆ ఫోనుకి విలువ లేకుండా చేసే సంస్కరణ ఆయన ఎందుకు తెస్తారు?

మా దృష్టిలో ఇక్కడ పనికొచ్చే ఓటు స్థానిక ఎన్నికల ఓటు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది సహా అంతటా రాత్రి కూడా కనిపించే, మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. రికార్డు 18 నెలలు ఉంచాలి, ఎంత లేదన్నా ఏడాదికి తగ్గకూడదు. వీటిని చూసుకునే జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్పీలతో పాటు మేయరు లేదా జిల్లా పరిషత్ అధిపతి కూర్చోవాలి. నెలనెలా రాష్ట్ర కమిటీకి నివేదిక పంపాలి. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఫుటేజీ తిరగేసి చూడడం ఆ కమిటీ విధి. జెడ్పీటీసీ ఓటు అడగడానికొచ్చిన వాళ్ళలో ఈ మాట ఎత్తినవారు మాకు కనపడలేదు, అడిగిన ఓటరూ కనపడలేదు.

లాకప్‌లో దెబ్బలు తగిలాయంటే గడియార స్తంభం దగ్గర ధర్నా చేయండి, తప్పులేదు. కానీ అదే రోజు మానవ హక్కుల కమిషన్‌కి లేదా జిల్లా మానవ హక్కుల కోర్టుకి ఫిర్యాదు పంపండి. స్టేషన్ పేరు, తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ గది అన్నవి అందులో ఉండాలి. ఫిర్యాదు అందగానే వాళ్ళు ఫుటేజీ తెప్పించి భద్రపరచవచ్చని తీర్పులోనే ఉంది. చాలా కేసులు ఇక్కడే చెడిపోతున్నాయి. ధర్నా వారం నడుస్తుంది, అర్జీ నెలకి వెళుతుంది, అప్పటికి హార్డ్ డిస్క్‌లో పాతది చెరిగి కొత్తది ఎక్కేస్తుంది. లేదా 'ఆ రోజు కెమెరా రిపేరులో ఉంది' అంటారు.

ఆ రిపేరు మాట నిజమో కాదో తేల్చడానికి 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తు చాలు. ఫుటేజీ అడిగితే దర్యాప్తు పేరు చెప్పి నిరాకరించవచ్చు. కాబట్టి కెమెరా ఏయే రోజుల్లో పనిచేయలేదు, స్టేషన్ అధికారి జిల్లా కమిటీకి ఎప్పుడు తెలియజేశారు, ఎప్పుడు బాగుచేశారు అని అడగండి. చెడిన వెంటనే కమిటీకి చెప్పడం స్టేషన్ అధికారి బాధ్యత. చెప్పిన కాగితం లేకపోతే తప్పు ఎవరిదో బయటపడుతుంది. రాబోయే స్థానిక ఎన్నికల్లో అభ్యర్థులను అడగాల్సింది కూడా ఇదే: ఆ కమిటీలో కూర్చుంటారా, నెలవారీ నివేదిక జిల్లా పరిషత్ సమావేశంలో పెడతారా?

— కొందరు న్యాయవాదులు, అమలాపురం