ఎండలోకి దిగేముందు ఒక మాట

ఒరేయ్ శేఖర్,

నీ ఉత్తరం అందింది. ఎండలు ముదిరేలోపు ఒళ్ళు గట్టిపడాలని మూలికల పొడి మొదలుపెట్టానన్నావు. దాని ధైర్యంతో ఈసారి మిట్టమధ్యాహ్నం కూడా పని ఆపనన్నావు. పొడి సంగతి సరే, ఆ రెండో మాట చదివినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఉత్తరం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

మూలికలంటే నాకూ గురి ఉందని నీకు తెలుసు. చలి, వేడి, అలసట ఏదొచ్చినా ఒంటికి తట్టుకునే బలమిచ్చే పదార్థాలను సోవియట్ శాస్త్రవేత్త లాజరెవ్ 1947లో అడాప్టోజెన్లు అన్నాడు. ఆయన తర్వాత బ్రెఖ్‌మన్ అనే శాస్త్రవేత్త జిన్సెంగ్, ఎల్యుథెరో అనే మొక్కల వేర్ల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఇప్పుడు అశ్వగంధనూ ఆ వరసలోనే చెబుతున్నారు.

ఇందులో నాకు బాగా నచ్చే ముచ్చట ఒకటుంది. ఇటలీలో రిటోసా అనే ఆయన పండ్ల ఈగల పిల్లపురుగుల మీద పనిచేస్తుండగా, ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారట. ఆ పురుగుల లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోములను, అంటే జన్యువులుండే పోగులను, మైక్రోస్కోపులో చూస్తే, ఎప్పుడూ లేనిచోట్ల ఉబ్బులు కనిపించాయి. వేడి తగలగానే అక్కడి జన్యువులు మేలుకున్నాయన్నమాట. ఆయన ఆ సంగతి 1962లో ప్రచురించాడు. ఆ జన్యువులు తయారుచేసేవి హీట్ షాక్ ప్రొటీన్లని తర్వాత తేలింది. వేడికి మిగతా ప్రొటీన్ల మడతలు ఊడిపోయి ఒకదానికొకటి అంటుకుపోతుంటే, ఇవి పట్టుకుని సర్దుతాయి. మన కణాల్లోనూ ఇవే ఉన్నాయి. కొన్ని మూలికలు వీటిని కాస్త ముందుగానే తట్టి లేపుతాయా అన్నది ఇప్పుడు చూస్తున్నారు. సన్నని పురుగుల్లో, ల్యాబ్‌లో పెంచిన కణాల్లో అలాంటి జాడలు కనిపించాయి. ఎండలో ఒళ్ళొంచి పనిచేసే మనిషికి అంత గట్టి రుజువు లేదు. కాబట్టి ఆ పొడిని నమ్ముకుని మధ్యాహ్నం పనికి దిగడం నాకు బొత్తిగా నచ్చలేదు.

అసలు మనల్ని ఎండలో కాపాడేది చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. ఆరాలి సుమా! గడ్డం మీంచి బొట్లుబొట్లుగా కారి నేల మీద పడితే ఒరిగేదేమీ లేదు. ఉక్కపోత రోజు అందుకే ప్రమాదం. తడిసి ముద్దవుతాం, ఒళ్ళు మాత్రం చల్లబడదు. బరువు పనిలో గంటకు లీటరుకు పైగా పోవచ్చు. ఆ నీటినీ ఉప్పునూ ఏ వేరూ పూడ్చలేదు.

నువ్వు నిజంగా ఒంటిని గట్టిపరచాలనుకుంటే వేడికే మెల్లగా అలవాటు చెయ్యి. వారం నుంచి రెండు వారాల్లో రక్తంలో నీటిభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఇంత మార్పు తెచ్చే మూలిక ఉందని నేనెక్కడా చదవలేదు. ఎండకు కొత్తవాళ్ళను మొదటిరోజు పూర్తి పనిలో ఐదోవంతు మాత్రమే వేడిలో చేయమంటారు, తర్వాత రోజుకు మరో ఐదోవంతుకు మించకుండా పెంచమంటారు. నీ వరకూ అలాగే మొదలుపెట్టు. నాలుగైదు వారాలు నీడపట్టున ఉంటే ఆ అలవాటు చాలావరకు పోతుంది, మళ్ళీ మొదటికే.

ఇక ఆ పొడిలో ఏమేం ఉన్నాయో చూశావా? అతిమధురం ఎక్కువగా, రోజూ తింటే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. నువ్వసలే బీపీకి బిళ్ళ వేసుకునేవాడివి. ఆ బిళ్ళ నీరు పోయేలా చేసే రకమైతే ఎండలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, డాక్టర్ని అడగాల్సిందే. సునాముఖి విరేచనాలతో నీటిని లాగేస్తుంది. ఉమ్మెత్త జాతి మొక్కలు చెమటనే ఆపేస్తాయి, విషం కూడా. ఎఫెడ్రా అనే మొక్క గుండె వేగం పెంచి ఒంట్లో వేడి పుట్టిస్తుంది. అశ్వగంధతో కూడా కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోకు.

పుదీనా సంగతి ఇంకో రకం. అందులోని మెంథాల్ చలిని పసిగట్టే నాడుల మీదే పనిచేస్తుంది. హాయిగా ఉంటుంది, కాదనను. కానీ లోపలి వేడి దిగదు. చల్లగా అనిపించింది కదా అని ఇంకో గంట ఎండలో ఉండిపోతావేమోనని నా భయం.

ఇదొక్కటి మాత్రం నీతో పనిచేసేవాళ్ళకు కూడా చెప్పు. ఎండలో ఎవరైనా తడబడి మాట్లాడినా, తూలినా, పొంతన లేకుండా ప్రవర్తించినా నోట్లో ఏమీ పోయకండి, మూలిక రసం అసలే వద్దు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడకు చేర్చి, చన్నీళ్ళతో తడుపుతూ గట్టిగా గాలి తగలనివ్వండి. చన్నీళ్ళ తొట్టి ఉంటే, తల పైకి పట్టుకుని అందులో కూర్చోబెట్టడం ఇంకా మేలు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పని చేస్తూ పడిపోయినవాళ్ళకు చెమట ఆగకపోవచ్చు.

ఆ డబ్బా మీది లేబుల్‌ని రెండువైపులా ఫొటో తీసి పంపు, బీపీ బిళ్ళ పేరు కూడా రాయి. పని వేళలు పొద్దున్నకు మార్చమని మీ సూపర్‌వైజర్‌ని అడిగావా? ఏమన్నాడో అదీ రాయి.

నీ
సుబ్బు